నైలు ఒడ్డున గుచ్చిన సూదులు

ఉదయం 9 గంటల 20 నిమిషాలకు డాక్టరు మొదటి సూది వేశాడు. 10 గంటల 10 నిమిషాలయ్యేసరికి మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు అందరూ కలిపి 504 సూదులు పూర్తయ్యాయి. మధ్యలో తీసుకున్న పది నిమిషాల విశ్రాంతిని పక్కన పెడితే ఒక్కో మనిషికి ఐదు సెకన్లు కూడా పట్టలేదు. వాడిన సిరంజిని పళ్లెంలో పెడితే నర్సు దాన్ని తీసి కడిగి, ఒకటి రెండు నిమిషాలు మరిగించి, మళ్లీ మందు నింపి అందించేది. 1964లో ఈజిప్టు పల్లెల్లో జరుగుతున్న చికిత్సను కళ్లారా చూసిన ఒక విదేశీ వైద్య నిపుణుడు రాసిపెట్టిన వివరమిది. ఆ డాక్టరు నేర్పును ఆయన మెచ్చుకున్నాడు కూడా. తప్పు జరుగుతోందని అక్కడున్న వాళ్లెవరికీ అనిపించలేదు.

ఆ సూదులు నయం చేయాల్సిన జబ్బు ఈజిప్టుకు కొత్తది కాదు. మూడు వేల ఏళ్ల నాటి రెండు మమ్మీల మూత్రపిండాల్లో ఆ జబ్బు తెచ్చే పురుగు గుడ్లు ఉన్నాయని 1910లో మార్క్ ఆర్మండ్ రఫర్ చూపించాడు. పురుగును అంతకుముందే, 1851లో, కైరోలోని కస్ర్ అల్ ఐనీ ఆసుపత్రిలో శవపరీక్ష చేస్తూ థియోడర్ బిల్హార్జ్ అనే యువ జర్మన్ వైద్యుడు కనిపెట్టాడు. ఆయన పేరు మీదుగానే జబ్బు బిల్హార్జియా అయింది. మూత్రంలో నెత్తురు పడటం దాని గుర్తు. నైలు డెల్టాలో ఒకప్పుడు అది ఎంత మామూలు సంగతంటే, ఈడొచ్చిన మగపిల్లలందరికీ అలాగే అవుతుందని జనం అనుకునేవారు.

ఈ పురుగు మనిషి నుంచి మనిషికి నేరుగా రాదు. మధ్యలో నీటి నత్త ఉండాలి. నత్తలో పెరిగిన పిల్ల పురుగు నీళ్లలోకి వచ్చి, ఆ నీళ్లలో దిగిన మనిషి చర్మంలోంచి లోపలికి దూరుతుంది. 1915లో రాబర్ట్ లైపర్ ఈజిప్టులోనే ఈ దారి మొత్తం విప్పి చూపించాడు. అప్పటికే దేశంలో సేద్యం తీరు మారిపోయింది. పాత పద్ధతిలో నైలు వరద పొలాలను ముంచి వెనక్కి తగ్గాక కాలువలు ఎండేవి, వాటితో పాటు నత్తలూ చచ్చేవి. 1902లో అస్వాన్ దగ్గర తొలి ఆనకట్ట పూర్తయ్యాక పత్తి పంట కోసం ఏడాది పొడవునా కాలువల్లో నీరు పారడం మరింత విస్తరించింది. నత్తకు చావు లేకుండా పోయింది. రైతు కాళ్లు ఆ నీళ్లలోనే, పిల్లల ఈతలు ఆ నీళ్లలోనే, ఆడవాళ్లు గిన్నెలు తోమడం, బట్టలుతకడం ఆ రేవులోనే. గోదావరి, కృష్ణా కాలువల పక్కన పెరిగిన వాళ్లకు ఆ జీవితాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

1918లో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో క్రిస్టఫర్సన్ అనే బ్రిటిష్ వైద్యుడు ఆంటిమొనీతో చేసిన టార్టార్ ఎమెటిక్ అనే మందును నరంలోకి ఎక్కించి బిల్హార్జియాను తగ్గించవచ్చని ప్రకటించాడు. అదే తొలి ఆశ. మందు మాత్రం కఠినమైనది. ఎక్కించగానే దగ్గు తెర, వాంతులు, గుండె దడ. ఒక్కసారి వేయించుకుంటే పోయేది కాదు, వారాల తరబడి డజను దాకా సూదులు పడాలి. 1920ల నుంచే ఈజిప్టు ప్రభుత్వం ఈ చికిత్స ఇస్తూ వచ్చింది. 1950ల నుంచి అది పెద్ద ఉద్యమంగా మారింది. బడి పిల్లలు, కౌలు రైతులు, కూలీలు వైద్యశాలల ముందు బారులు తీరారు. మింగే మాత్ర ప్రాజిక్వాంటెల్ వచ్చి సూదిని పక్కకు నెట్టేదాకా, అంటే 1980ల దాకా, ఇది సాగింది.

ఆ ఉద్యమాన్ని నడిపిన వాళ్ల ఉద్దేశాన్ని శంకించాల్సిన పని లేదు. పేద రైతు ఇంటి గడపలోకి ప్రభుత్వ వైద్యం వచ్చిన తొలి సందర్భాల్లో అదొకటి. బిల్హార్జియా ఎలాంటి శత్రువో తెలియాలంటే అబ్దెల్ హలీమ్ హఫీజ్‌ను తలుచుకుంటే చాలు. అరబ్బు దేశాలన్నీ పిచ్చిగా ప్రేమించిన ఆ గాయకుడికి చిన్నప్పుడు డెల్టాలోని సొంత ఊళ్లో ఆ పురుగు సోకింది. కాలేయం దెబ్బతిని, పేరు ప్రతిష్ఠల శిఖరం మీద ఉండగానే మంచం పట్టి, 1977 మార్చి 30న లండన్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయసు 47. కైరోలో అంతిమయాత్రకు లక్షల జనం వీధుల్లోకి వచ్చారు. అలాంటి జబ్బును తరిమేయడానికి సూది పట్టిన వాళ్లు నేరస్థులు కారు.

అయితే అప్పటికి ఏమీ తెలియదనడం కూడా పూర్తి నిజం కాదు. ఒకరి నెత్తురు అంటిన సూది మరొకరికి కామెర్లు తెస్తుందని రెండో ప్రపంచ యుద్ధం నాటికే వైద్యులు ఎరుగుదురు. 1942లో మనిషి రక్తరసి కలిపిన ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న అమెరికన్ సైనికుల్లో దాదాపు 50 వేల మంది కామెర్లతో ఆసుపత్రుల పాలయ్యారు. ఒకటి రెండు నిమిషాల మరుగు చాలదన్న సంగతి వైద్య పత్రికల్లో ఉంది. పల్లె వైద్యశాల గోడల్లోపలికి రాలేదు. తక్కువ సిరంజిలు, ఎక్కువ జనం, పూర్తి చేయాల్సిన లెక్క, ఈ మూడూ కలిసిన చోట జాగ్రత్తే ముందుగా పలచబడుతుంది. ఈ మాట ఒక్క ఈజిప్టుకే వర్తించదు. జ్వరం వస్తే ‘ఒక సూది వేయండి’ అని ఆర్‌ఎంపీ డాక్టరును అడిగి వేయించుకున్న తెలుగు పల్లెలకూ, గాజు సిరంజిని స్టీలు గిన్నెలో మరిగించిన రోజులు గుర్తున్న పెద్దవాళ్లకూ ఇది తెలిసిన సంగతే.

సూది గుచ్చినప్పుడు లోపలికి వెళ్లిన వైరస్‌కు అప్పటికి పేరు లేదు. 1970ల మధ్యలో అమెరికాలో హార్వే ఆల్టర్ బృందం రక్తం ఎక్కించుకున్న వాళ్లలో వచ్చే కాలేయ వాపును పరీక్షించి, అది హెపటైటిస్ ఏ కాదు, బి కాదు అని తేల్చింది. 1989లో మైకేల్ హౌటన్, ఆయన సహచరులు ఆ మూడో వైరస్ జన్యు పదార్థాన్ని పట్టుకున్నారు. అదే హెపటైటిస్ సి. ఆల్టర్, హౌటన్‌లతో పాటు చార్లెస్ రైస్‌కు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది.

రక్త పరీక్ష చేతికి రాగానే ప్రపంచం ఈజిప్టు వైపు చూసి ఉలిక్కిపడింది. అంత ఎక్కువ శాతం జనానికి ఈ వైరస్ ఉన్న దేశం మరొకటి కనబడలేదు. 2008లో దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో దాదాపు 15 శాతం మందికి వైరస్ తగిలిన గుర్తులు దొరికాయి. పట్టణాల్లో తక్కువ, పల్లెల్లో ఎక్కువ. పిల్లల్లో తక్కువ, నడివయసు దాటిన వాళ్లలో మరీ ఎక్కువ. ఎందుకు?

2000 సంవత్సరంలో ‘లాన్సెట్’ పత్రికలో క్రిస్టీనా ఫ్రాంక్, ఆమె సహచరులు జవాబు రాశారు. ఏ ప్రాంతంలో, ఏ ఏళ్లలో, ఎన్ని బిల్హార్జియా సూదులు వేశారో తెలిపే పాత లెక్కలను తీసి, అక్కడ ఏ వయసు వాళ్లలో హెపటైటిస్ సి ఎంత ఉందో పక్కన పెట్టి చూశారు. సూదులు ఎక్కువ పడిన చోట, ఎక్కువ పడిన తరంలో, వైరస్ కూడా ఎక్కువ. డెల్టాలో ఉద్యమం ఎక్కువ కాలం సాగింది, జబ్బూ అక్కడే మిన్నంటింది. ఆ తర్వాత వైరస్ జన్యువుల్లో కాలక్రమంలో వచ్చే మార్పులను లెక్కగట్టిన పరిశోధకులు, ఈజిప్టులో దాని విజృంభణ 1930ల నుంచి 1950ల మధ్యే మొదలైందని చెప్పారు. కాబట్టి నింద అంతా 1960ల ఉద్యమానిదే అనలేం. అంతకు ముందరి సూదులు, పరీక్షించని రక్తం, దంత వైద్యుల పనిముట్లు, మంగలి కత్తులు కూడా తలో చేయి వేశాయి. కానీ ఒక్క వైరస్‌ను ఒక దేశమంతా ఇంత పెద్ద ఎత్తున పాకించిన వైద్య చికిత్స మరొకటి చరిత్రలో నమోదు కాలేదు.

హెపటైటిస్ సి సోకిన చాలామందికి పచ్చకామెర్లు కనబడవు. కళ్లు పచ్చబడవు, ఆకలి చావదు. పసరు మందు తాగాలన్న ఆలోచన కూడా రాదు. వైరస్ మాత్రం లోపల ఇరవై, ముప్పై ఏళ్లు కాలేయాన్ని వాపుతో రగిలిస్తూ ఉంటుంది. వాచిన చోట మచ్చ కణజాలం పేరుకుంటుంది, దాన్ని ఫైబ్రోసిస్ అంటారు. మచ్చలు కాలేయం అంతా అల్లుకుని, ముట్టుకుంటే గట్టిగా, గడ్డలు గడ్డలుగా మారితే సిరోసిస్. ఆ గడ్డల్లో కణాలు మళ్లీ మళ్లీ విభజన చెందుతూ ఏదో ఒకనాడు దారి తప్పుతాయి. అప్పుడు క్యాన్సర్ పుడుతుంది. 1960లలో బడిలో సూది వేయించుకున్న పిల్లవాడు 1990లకు నడివయసు రైతు అయ్యాడు. కైరో క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఒకప్పుడు బిల్హార్జియా వల్ల వచ్చే మూత్రాశయ క్యాన్సర్ మగవాళ్లలో మొదటి స్థానంలో ఉండేది. పురుగు తగ్గుతున్నకొద్దీ అదీ తగ్గింది. దాని స్థానంలోకి కాలేయ క్యాన్సర్ వచ్చి కూర్చుంది. ఈనాటికీ ఈజిప్టు మగవాళ్లలో మిగతా అన్ని క్యాన్సర్లకన్నా ఎక్కువగా కనబడేది అదే.

తొలి చికిత్స ఇంటర్‌ఫెరాన్. ఏడాది పాటు వారం వారం సూది, దానితో రిబావిరిన్ మాత్రలు. జ్వరం, నీరసం, దిగులు. ఇన్ని భరించినా ఈజిప్టులో ఎక్కువగా ఉండే నాలుగో రకం వైరస్ దాదాపు సగం మందిలోనే లొంగేది. సిరోసిస్ ముదిరిన వాళ్లకు ఆ మందు ఇవ్వడమే ప్రమాదం.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి వచ్చింది. రోజుకొక మాత్ర, 12 వారాలు. ఆ మందు పుట్టిన ఫార్మాసెట్ కంపెనీని స్థాపించిన వాళ్లలో ఒకడైన రేమండ్ షినాజీ పుట్టింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. అమెరికాలో 12 వారాల కోర్సు ధర 84 వేల డాలర్లు, అంటే మాత్రకు వెయ్యి. ఈజిప్టు ప్రభుత్వం ఆ మందును అమ్మే గిలియడ్ కంపెనీతో బేరమాడి 900 డాలర్లకు దించింది. 2014లో పేర్ల నమోదుకు వెబ్‌సైటు తెరిస్తే కొద్ది రోజుల్లోనే లక్షల మంది పేర్లు రాయించుకున్నారు. ఆ తర్వాత స్థానిక కంపెనీలే మందు తయారుచేయడంతో ధర వంద డాలర్ల లోపుకు జారింది.

ఈ మందు చౌకైన కథలో హైదరాబాదుకూ ఒక పేజీ ఉంది. 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సు ఇచ్చింది, వాటిలో హైదరాబాదుకు చెందిన హెటెరో ఒకటి. భారతదేశంలో ఈ మందుకు పేటెంట్ ఇవ్వకూడదంటూ అభ్యంతరం దాఖలు చేసిన మరో హైదరాబాదు కంపెనీ నాట్కో, 2015లో తానూ లైసెన్సు తీసుకుని, తన జనరిక్ మాత్రను మొదట నేపాల్‌లో విడుదల చేసింది. పేద దేశాల రోగులు బతికి బట్టకట్టడంలో మన ఫార్మా కార్మికుల, రసాయన శాస్త్రజ్ఞుల శ్రమకు పెద్ద వాటా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక పాఠం దక్కాలి.

ఈజిప్టు 2018 అక్టోబరులో అసలైన పని మొదలుపెట్టింది. ‘పది కోట్ల ఆరోగ్యాలు’ అనే ఉద్యమంలో 2019 ఏప్రిల్ దాకా, ఏడు నెలల్లో, 4 కోట్ల 96 లక్షల మందికి రక్త పరీక్ష చేశారు. మసీదుల దగ్గర, చర్చిల దగ్గర, బడుల్లో, రైల్వే స్టేషన్లలో బల్లలు వేసి వేలి కొనన చుక్క నెత్తురు తీశారు. 22 లక్షల మందికి వైరస్ తగిలిన గుర్తులున్నాయి. వాళ్లలో ఇంకా వైరస్ మోస్తున్న వాళ్లకు ఉచితంగా మందిచ్చారు. ఫలితం నమోదైన వాళ్లలో 98 శాతానికి పైగా నయమైంది. ఒకప్పుడు ప్రభుత్వ సూది జబ్బును గడప గడపకూ చేర్చింది, ఇప్పుడు అదే ప్రభుత్వ యంత్రాంగం మందును గడప గడపకూ చేర్చింది. 2023 అక్టోబరులో, హెపటైటిస్ సి నిర్మూలన దారిలో బంగారు స్థాయి అందుకున్న తొలి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈజిప్టును ప్రకటించింది. అప్పటికి చికిత్స పొందిన వాళ్లు 40 లక్షల పైమాటే.

చాలా పత్రికలు కథను ఇక్కడితో ముగించాయి. చేతిలో ‘వైరస్ కనబడలేదు’ అన్న రిపోర్టుతో ఇంటికి వెళ్లిన అరవై ఏళ్ల రైతుకు మాత్రం కథ ఇక్కడ ముగియదు. నెత్తుట్లోంచి వైరస్ పోయింది. నలభై ఏళ్లుగా పేరుకున్న మచ్చలు పోలేదు. కొందరిలో అవి ఏళ్ల మీద కొంత కరుగుతాయి, సిరోసిస్ దాకా వెళ్లిన వాళ్లలో చాలామందికి మిగిలిపోతాయి. పైగా వైరస్ వెళ్లిపోయినా అది కాలేయ కణాల జన్యువుల పనితీరు మీద వేసిన కొన్ని ముద్రలు చెరిగిపోవడం లేదని 2019లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు చూపించారు.

2016లో ఒక పెద్ద కలవరం రేగింది. కొత్త మాత్రలు వాడాక క్యాన్సర్ మళ్లీ త్వరగా వస్తోందేమోనని స్పెయిన్‌లోని బార్సిలోనా వైద్యులు రాశారు. వాళ్లు గమనించింది కొద్దిమంది రోగుల్లో, అదీ అప్పటికే ఒకసారి క్యాన్సర్ వచ్చి తగ్గిన వాళ్లలో. మందు మానేయాలా అని రోగులు, ఇవ్వాలా వద్దా అని డాక్టర్లు భయపడ్డారు. పెద్ద లెక్కలు వచ్చాక ఆ భయం నిలవలేదు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఈ మాత్రలు వాడిన 22,500 మందిని పరిశీలిస్తే, నయం కాని వాళ్లలో ఏడాదికి వందకు 3.45 మందికి కాలేయ క్యాన్సర్ వచ్చింది. నయమైన వాళ్లలో 0.90 మందికే. ఫ్రాన్స్‌లో దాదాపు పది వేల మందిని వెంబడించిన అధ్యయనం 2019లో ఇదే మాట చెప్పింది. మాత్రలు క్యాన్సర్‌ను తెచ్చిపెట్టవు, తగ్గిస్తాయి.

తగ్గించడం వేరు, లేకుండా చేయడం వేరు. అదే అమెరికా లెక్కలో నయమైన వాళ్లను రెండుగా విడదీస్తే, సిరోసిస్ లేని వాళ్లలో ఏడాదికి వందకు 0.34 మందికి క్యాన్సర్ వస్తే, సిరోసిస్ ఉన్న వాళ్లలో 1.82 మందికి వచ్చింది. ఈజిప్టులోనే, డెల్టాలోని షిర్బిన్ పట్టణంలో గమాల్ షిహా బృందం రెండు వేలకు పైగా నయమైన రోగులను ఏళ్ల తరబడి వెంబడించింది. సిరోసిస్ ఉన్న వాళ్లలో ఏడాదికి వందకు సుమారు ముగ్గురికి క్యాన్సర్ వచ్చింది. దానికి ముందు దశ, అంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉన్న వాళ్లలో వందకు ఒకరి కన్నా తక్కువ. ఈ బృందమే అంతకుముందు 73 పల్లెల్లో ముందు జనానికి విషయం చెప్పి, తర్వాత పరీక్ష చేసి, ఆపై మందిచ్చే పద్ధతిని నడిపింది. నయమైన వాళ్లలో ఎవరికి ప్రమాదం ఎక్కువో, ఎవరికి తక్కువో మామూలు పరీక్షలతోనే అంచనా వేసే ఒక స్కోరును కూడా వాళ్లు తయారుచేశారు. రోగులు ఎక్కువ, స్కానింగ్ యంత్రాలు తక్కువ ఉన్న దేశానికి అది పనికొచ్చే పరిశోధన.

ప్రమాదం ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా తగ్గుతుందని అమెరికాలోని దీర్ఘకాల లెక్కలు చెబుతున్నాయి. కానీ సిరోసిస్ ఉన్నవాళ్లు ఇక స్కానింగ్ మానేయవచ్చు అనదగ్గ ఏడాది ఇంకా రాలేదు. అందుకే అమెరికా, ఐరోపా కాలేయ వైద్య సంఘాలు రెండూ సిరోసిస్ ఉన్న రోగికి వైరస్ పోయినా ఆరు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్ కొనసాగించాలని చెబుతున్నాయి. దానితో పాటు ఏఎఫ్‌పీ రక్త పరీక్ష చేయించడం చాలాచోట్ల పద్ధతి. ఆరు నెలలు అన్నది ఊరికే పెట్టిన గడువు కాదు, కాలేయంలో గడ్డ పెరిగే వేగాన్ని బట్టి పెట్టినది. మూడు సెంటీమీటర్ల లోపు ఒకే గడ్డ దొరికితే సూదితో వేడి పంపి కాల్చేయవచ్చు, ఆపరేషన్ చేయవచ్చు. నొప్పి వచ్చాక, కడుపులో నీరు చేరాక దొరికితే అలాంటి దారులు దాదాపు మూసుకుపోతాయి. ముదిరిన ఫైబ్రోసిస్ విషయంలో రెండు సంఘాలకూ ఏకాభిప్రాయం లేదు. ఐరోపా వాళ్లు ఆ రోగులనూ కనిపెట్టి ఉండమంటారు, అమెరికా వాళ్లు అంత అవసరం లేదంటారు.

ఈజిప్టు గెలుపులో మొదటి సగం వైరస్‌ను వెతకడం, చంపడం. రెండో సగం ఈ ఆరు నెలల హాజరు. మొదటిది కొన్నేళ్ల ఉద్యమంతో అయింది. రెండోది ఇరవై, ముప్పై ఏళ్ల పని, జెండాలు, ప్రకటనలు లేని పని. 1960లలో వందల మందిని ఒక్క ఉదయంలో వరసలో నిలబెట్టగలిగిన ఆ పల్లె వైద్యశాలలు ఇప్పుడు ఒక్కో రైతును ఏడాదికి రెండుసార్లు పేరు పెట్టి పిలవగలగాలి.

మన దగ్గర హెపటైటిస్ సి ఈజిప్టు స్థాయిలో ఎన్నడూ లేదు. అయినా రక్తం ఎక్కించుకున్నవాళ్లు, ఏళ్ల తరబడి డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు, ఒకే సూది పంచుకున్నవాళ్లు మన మధ్యా ఉన్నారు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. ఆ మాత్రలు వాడి నయమైన వాళ్లెవరైనా ఇంట్లో ఉంటే ఒక పని చేయండి. మందు మొదలుపెట్టిన నాటి ఫైబ్రోస్కాన్ రిపోర్టు వెతికి తీసి, ‘అప్పటికి లివర్ ఎంత గట్టిపడింది?’ అని డాక్టరును అడగండి. యాంటీబాడీ పరీక్ష నయమయ్యాక కూడా పాజిటివ్‌గానే వస్తుంది, దానికి కంగారు పడకండి. సిరోసిస్ ఉందని తేలితే మద్యం పూర్తిగా మానాలి, షుగరును, బరువును అదుపులో పెట్టుకోవాలి, హెపటైటిస్ బి టీకా వేయించుకోవాలి. ఒంట్లో ఎంత బాగున్నా ఆరు నెలలకోసారి స్కానింగ్‌కు వెళ్లాలి.